డీజిలు పికప్పు బండికి క్రొత్త పొగగొట్టము అమర్చు విధము

మన సంఘములలోని సభ్యులలో పలువురికి నేడు స్వంతముగనో, ఇద్దరు ముగ్గురు కలిసియో డీజిలు పికప్పు బండ్లు కలవు. మదనపల్లెకు టమాటాలు, గుంటూరు యార్డునకు మిరపకాయలు, తీరప్రాంతమున మంచుపెట్టెలలో రొయ్యలు, చేపలు ఈ బండ్ల మీదనే పోవుచున్నవి. ఒకప్పుడు జత యెడ్లు చేసిన పనిని నేడు ఈ బండి చేయుచున్నది. ఎద్దు కుంటినచో గిట్టను పైకెత్తి చూచెడి రైతు, బండి క్రిందికి వంగి పొగగొట్టమును చూచుట మాత్రము అరుదు. అది చిల్లిపడి చప్పుడు చేసిననాడు దగ్గరనున్న షెడ్డునకు తోలుకొనిపోయి, వారు పెట్టినది పెట్టించుకొని వచ్చుటయే ఆచారమైనది. అట్లుగాక, గొట్టము చేయు పని యేమి, క్రొత్తది ఎట్టిది కొనవలయును, ఎట్లు అమర్చవలయును, ఏ పని చేయరాదు అను సంగతులను ఈ పాఠమునందు వివరించుచున్నాము. స్వహస్తముతో చేయనివారు సయితము దగ్గరనుండి చేయించుకొనుటకు ఇది పనికివచ్చును.

1. పొగగొట్టము చేయు పని

డీజిలు యంత్రమునందు ముషలము నాలుగు పనులు చేయును. మొదట గాలిని లోనికి పీల్చును. రెండవది, ఆ గాలిని మిక్కిలి గట్టిగా నొక్కును. నొక్కుడుచే గాలి అయిదువందల డిగ్రీలకు మించి వేడెక్కును. అందులో డీజిలు చిమ్మబడి అగ్గిపుల్ల లేకయే మండి ముషలమును క్రిందికి త్రోయును. నాలుగవది, మండిన వాయువును బయటికి గెంటును. ఈ నాలుగవ పనికి దారి చూపునదే పొగగొట్టము.

పొలమునకు నీరు పెట్టు బోదె యెంత ముఖ్యమో, మురుగుకాలువయు నంత ముఖ్యమని రైతునకు చెప్పనక్కరలేదు. మురుగు కదలనిచో క్రొత్త నీరు చేరదు. అట్లే పాత పొగ పోనిచో యంత్రమునకు క్రొత్త గాలి చాలదు; గాలి చాలని డీజిలు సరిగా మండక నల్లని మసియై పోవును.

నేటి బండ్లలో పొగ తిన్నగా బయటికి పోదు. యంత్రమునుండి వెడలినంతనే అది టర్బో అను చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రముతో కూడ తిరుగు రెండవ చక్రము బయటిగాలిని యంత్రములోనికి త్రోయును. ఈ యుపాయమునకు స్విట్జర్లండు దేశస్థుడగు ఆల్ఫ్రెడ్ బూచి 1905 వ సంవత్సరమున పేటెంటు పొందెను. టర్బోను దాటిన పొగ, మెలికపడగల మెత్తని ముడుతల గొట్టము గుండ, విషవాయువులను మార్చు పెట్టె గుండ, బండిని బట్టి మసివడపోత గుండ, చప్పుడు తగ్గించు సైలెన్సరు గుండ పోయి తోకగొట్టమున బయటపడును. వీనిలో ప్రతిదానికి ఒక పని కలదు. ఒకటి తీసివేసినచో మిగిలినవి ఆ పని చేయవు.

2. మార్చవలసిన అవసరము గుర్తించుట

క్రిందివానిలో ఏదైన కనబడినచో గొట్టమును పరీక్షింపవలెను: అతుకులవద్ద నల్లని మసిచార, చల్లని బండిని నడుపగానే బుసబుసమను చప్పుడు, బండిలో కూర్చుండువారికి పొగవాసన, కండ్లమంట, తలనొప్పి, వ్రేలాడదీయు రబ్బరుపట్టీలు తెగి గొట్టము చట్రమునకు కొట్టుకొనుట, స్క్రూడ్రైవరుతో నొక్కిన లోనికి దిగబడునంత తుప్పు.

పొగ రంగును చూచి మాత్రము గొట్టము మార్చరాదు. నల్లపొగ గాలి చాలమినో, డీజిలు మించుటనో తెలుపును; మొదట గాలి వడపోతను చూడవలెను. నీలిపొగ యంత్రపు నూనె మండుచున్నదని చెప్పును. బండి వేడెక్కిన తరువాతయు విడువని తెల్లపొగ, మండని డీజిలునో, లోపల చేరిన నీటినో సూచించును. ఇవి యంత్రపు రోగములు. గొట్టము మార్చిన కుదురవు.

3. పెద్ద గొట్టము వేసిన బలము హెచ్చునా?

“గొట్టము లావుగా నున్న బండి లాగుడు పెరుగును, ఆయిలు కలిసివచ్చును” అని దుకాణములలో చెప్పుట కలదు. ఇందు నిజమెంతయో విచారింతము. రెండంగుళముల గొట్టమునకు బదులు రెండున్నర అంగుళముల గొట్టము వేసినచో లోపలి దారి వైశాల్యము నూటికి 56 వంతులు పెరుగును. దారి పెరిగినమాట నిజమే. కాని యంత్రములోనికి ఎంత డీజిలు చిమ్మవలెనో నిర్ణయించునది గొట్టము కాదు. ఆ పని పంపుది, నేటి బండ్లలో కంప్యూటరుపెట్టెది. డీజిలు పెరుగనిదే బలము పెరుగదు. కర్మాగారమువారు తమ యంత్రమునకు చాలినంత గొట్టమును ముందే పెట్టియున్నారు. మురుగుకాలువను రెండింతలు వెడల్పు చేసినంత మాత్రమున పంట రెండింతలు పండదు గదా!

మరి కొందరు గొట్టము మార్చిన తరువాత బండి తేలికగా లాగుచున్నదనుట యేల? వారి పాత గొట్టము నొక్కుకొనిపోయియో, మసితో పూడియో యుండును. అట్టిదానిని మార్చిన పోయిన బలము తిరిగి వచ్చును. ఎన్నడును లేని బలము రాదు. చప్పుడు పెరిగినందున బలము పెరిగినట్లు చెవికి తోచుట మరియొక భ్రమ.

4. ఎట్టి గొట్టము కొనవలయును

(అ) కొలతలు. లావు, పొడవు, వంపులు, అంచుబిళ్ల రంధ్రములు పాతదానితో సరిపోవలెను. వేడిని, వాయువును కనిపెట్టు సెన్సార్లకు పాతగొట్టమున ఎన్ని మరబిగింపులున్నవో అన్నియు అవే స్థానములందు క్రొత్తదానికి నుండవలెను.

(ఆ) లోహము. సామాన్యపు ఇనుపరేకు అగ్గువ, కాని త్వరలో తుప్పుపట్టును. అల్యూమినియము పూత గలది అంతకంటె మేలు. 409 రకపు స్టెయిన్‌లెస్ ఉక్కునందు క్రోమియము నూటికి 11 వంతులకు దాపుగ నుండును. పైపైన కొంచెము ఎర్రబారినను లోనికి కుళ్లదు. పికప్పు బండ్లకిది చాలును. 304 రకమునందు క్రోమియము సుమారు 18 వంతులు, నికెలు 8 వంతులు, వెల యెక్కువ. రొయ్యలు, చేపలు మోయు బండ్లలో ఉప్పునీరు మంచుపెట్టెలనుండి కారి గొట్టముమీద పడుచుండును. అట్టివారికి ఇనుపరేకు గొట్టము కొనుట కొరగాదు.

(ఇ) తేమ. మండిన డీజిలునుండి నీటియావిరి పుట్టును. రెండు మూడు మైళ్లు మాత్రమే తిరుగు బండిలో గొట్టము పూర్తిగా వేడెక్కక, ఆ యావిరి లోపలనే నీరై నిలిచి, లోపలినుండి తినివేయును. కొన్ని సైలెన్సర్ల అడుగున నీరు కారుటకు సన్నని రంధ్రము విడుతురు. దానిని చిల్లియని తలచి వెల్డింగుతో మూయింపరాదు.

(ఈ) రసీదు. పేరు, భాగపు సంఖ్య గల రసీదు తీసికొనవలెను. గ్యారంటీ తీరని బండియైనచో కంపెనీవారి భాగమునే వేయించుట మేలు.

5. పనికి ముందు జాగ్రత్తలు

బండి పూర్తిగా చల్లారవలెను. బరువు మోసిన బండిలో టర్బోవద్ద పొగ ఆరేడువందల డిగ్రీల వేడినందుకొనును. ఆపిన గంటకు కూడ అక్కడి యినుము చర్మమును కాల్చగలదు.

గట్టి సమతలమున నిలిపి, చక్రములకు ముందు వెనుకల మొద్దులు పెట్టి, జాకీతో ఎత్తిన తరువాత ఉక్కు స్టాండ్లపై దింపవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు హఠాత్తుగా పగులును. వానిపై బండిని నిలుపుట ప్రాణాపాయము. ఈ యొక్క వాక్యమును సభ్యులు మరచిపోకుందురుగాక.

కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ధరింపవలెను. తుప్పు కంటిలో రాలును. ముందునాటి సాయంకాలమే తుప్పు వదల్చు నూనెను ప్రతి నట్టుమీద చిలుకరించినచో మరునాడు సగము పని తగ్గును. బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. వెల్డింగు అవసరమైనచో గొట్టమును బండినుండి దింపి దూరముగా చేయించవలెను. బండిమీదనే చేసినచో డీజిలు గొట్టములకు నిప్పు, కంప్యూటరుపెట్టెకు చెరుపు కలుగవచ్చును.

6. పాతదానిని దింపుట

మొదట సెన్సారు తీగలను, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టి, మెల్లగ విప్పి ప్రక్కకు కట్టవలెను. సెల్‌ఫోనుతో ఫొటోలు తీసియుంచిన తిరిగి బిగించునపుడు తడబాటుండదు. తరువాత తోకనుండి ముందునకు వచ్చుచు విప్పవలెను. సైలెన్సరు బరువైనది, క్రింద మొద్దునో, రెండవ మనిషినో ఆనుగా పెట్టక చివరి నట్టు తీయరాదు. రబ్బరుపట్టీలకు సబ్బునీరు పూసిన సులువుగా జారివచ్చును. నూనె పూసిన రబ్బరు ఉబ్బి చెడును.

టర్బోవద్ద గొట్టము విడినంతనే ఆ నోటిని శుభ్రమైన గుడ్డతో మూయవలెను. చిన్న తుప్పుముక్కయో, జారిన వాషరో అందులో పడినచో టర్బో చక్రపు రెక్కలు విరుగును. మూసిన గుడ్డను బిగించుటకు ముందు తీయుట మరువరాదు. గుడ్డకొక యెర్ర దారము కట్టి బయటికి వ్రేలాడవిడిచిన జ్ఞాపకముండును.

7. క్రొత్తదానిని అమర్చు క్రమము

మొదటి సూత్రము: యంత్రమునుండి తోకవరకు అన్ని భాగములను ముందు చేతితో మాత్రమే వదులుగ కూర్చవలెను. రెండవ సూత్రము: అంతయు చేరి, తీరుగా కుదిరిన తరువాతనే పానా పట్టవలెను. ఒకచో ముందుగ బిగించి, చివర వంకర వచ్చినపుడు బలిమిని లాగి కట్టినచో, ఆ లాగుడంతయు టర్బోమీదను, ముడుతల గొట్టముమీదను పడి కొలదికాలములో పగులు పుట్టును. గొట్టములు ఎక్కువగా చీలుటకు నాసిరకపు లోహముకంటె ఇట్టి బిగింపే తరచు కారణమగుచున్నది.

ప్రతి అతుకునకు క్రొత్త ప్యాకింగు వేయవలెను. ఒకసారి నలిగిన ప్యాకింగు రెండవసారి గాలిని ఆపదు. ఒక గొట్టము మరియొకదానిలో దూరుచోట, పొగ వచ్చు గొట్టము లోపలను, పొగ పోవు గొట్టము వెలుపలను నుండవలెను. ఒకటిన్నర మొదలు రెండంగుళముల వరకు ఒకదానిలో నొకటి దూరవలెను. సైలెన్సరుమీద బాణపు గురుతున్నచో అది బండి వెనుకకు చూపవలెను.

ఇప్పుడు ఎడములను చూడవలెను. డీజిలు గొట్టమునకు 35 మిల్లీమీటర్లలోపున పొగగొట్టముండరాదని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు, 1989 చెప్పుచున్నవి. అనగా సుమారు రెండు వ్రేళ్ల వెడల్పు. అది కనీసపు హద్దు. వీలైనంత ఎక్కువ యెడముంచుట మంచిది. బ్రేకు గొట్టములు, తీగలు, స్పేరు చక్రము, చెక్కపలకల విషయమునందును ఇట్లే చూచుకొనవలెను. వేడిని అడ్డు రేకులను పాత స్థానములందే తిరిగి బిగించవలెను. సామాన్యపు సరకుబండిలో తోకగొట్టము పొగను నేలకుగాని ఎడమప్రక్కకుగాని కాక, వెనుకకో కుడిప్రక్కకో వదలవలెను.

పికప్పు బండిలో ఇంకొక సంగతి కలదు. ఖాళీ బండి కమాన్లు పైకి లేచియుండును. సరకు వేసిన చట్రము దిగి, ఇరుసు గొట్టమునకు దగ్గరగును. ఖాళీగ నున్నపుడు నాలుగువ్రేళ్లున్న యెడము నిండుబరువుతో మాయము కావచ్చును. కావున స్టాండ్లనుండి దింపి, బండిలో నిండుబరువు వేసి, ఆగియున్న బండి ప్రక్కనుండి తొంగిచూచి ఎడము నిర్ణయింపవలెను.

అంతయు సరియైన పిదప ముందునుండి వెనుకకు బిగించుకొనుచు పోవలెను. అంచుబిళ్ల నట్లను ఒకదానికెదురుగ నొకటి, కొంచెము కొంచెముగ బిగించవలెను. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన బిగింపును టార్కు పానాతో చూచుకొనవలెను. బోల్టు మరలకు వేడికి నిలుచు గ్రీజు పూసిన మరల విప్పునాడు ఉపకరించును.

8. పరీక్ష

ఆరుబయట బండిని నడిపించి, చల్లగ నున్నపుడే అతుకులన్నిటికి సబ్బునీరు పూయవలెను. రెండవ మనిషి ప్రక్కన నిలిచి తోకగొట్టమును దళసరి గుడ్డమూటతో రెండు మూడు క్షణములు ఆపినచో కారుచోట బుడగలు లేచును. అతుకు బిగించి మరల చూడవలెను. మొదటి దినమున క్రొత్త లోహముపైనున్న నూనె మండి కొంచెము వాసన, పొగ వచ్చుట సహజము. ఇరువది, ముప్పది కిలోమీటర్లు తిరిగి చల్లారిన తరువాత నట్లన్నియు ఒకమారు మరల బిగించవలెను. వేడికి సాగి చల్లారునపుడు అతుకులు వదులగును.

ఈ పరీక్షను చిన్నచూపు చూడరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012 జూన్ నెలలో డీజిలు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది. యంత్రమునకు దగ్గరగా కారు పొగ డ్రైవరు కాళ్లవద్దనుండి లోనికి చేరును. వెనుక సరకుపై కూర్చుండు కూలిజనము, తల్లుల వెంట వచ్చు పసివారు పీల్చునదియు అదియే. సరకుబండిలో మనుష్యుల నెక్కించుటయే తగదు. పొగ కారు బండిలో అది రెండింతల దోషము.

9. మసివడపోతను తీసివేయరాదు

2020 ఏప్రిలు 1 నుండి దేశమునందు అమ్మబడు క్రొత్త మోటారుబండ్లు భారత్ స్టేజి 6 నియమమునకు లోబడవలెను. ఈ డీజిలు బండ్లలో మసివడపోత సాధారణము. కొన్నిటిలో యూరియా ద్రావణము చిమ్ము ఏర్పాటును కలదు. వడపోతలో చేరిన మసిని బండి తానే సుమారు ఆరువందల డిగ్రీల వేడిలో కాల్చుకొనును. దగ్గర దూరములు మాత్రమే తిరుగు బండిలో ఈ కాల్పు పూర్తికాక దీపము వెలుగును. అప్పుడు పుస్తకములో చెప్పిన వేగమున కొంతదూరము ఆపక నడుపవలెను. వడపోత బండ్లకు చెప్పిన తక్కువ బూడిద నూనెనే యంత్రమునకు వాడవలెను.

ఇది చేయక, పెట్టెను కోసి లోపలిది తీసివేయుడని సలహా చెప్పువారు కలరు. మేము చూచిన యొక బండికి ఒక షెడ్డులో అట్లే చేసి, పైన మరల అతుకు వేసిరి. దీపము ఆరలేదు, బండి వేగము తగ్గిపోయెను; ఫిట్‌నెసు పరీక్షనాడు నల్లపొగ పట్టుబడెను. తుదకు ఆ రైతు క్రొత్త వడపోతనే కొనవలసివచ్చెను. కోతకూలి, వెల్డింగుకూలి, బండి నిలిచిన దినముల బాడుగ అదనపు నష్టము.

మోటారు వాహనముల చట్టము, 1988 లోని 52 వ సెక్షను అనుమతిలేని మార్పులను నిషేధించుచున్నది. 2019 సవరణచే చేరిన 182-ఎ సెక్షను ప్రకారము అట్టి మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరునెలలవరకు ఖైదు గాని, రెండునుగాని విధింపవచ్చును. ధ్వని, వాయుకాలుష్య నియమములు తప్పిన బండిని నడిపినవారికి 190 వ సెక్షను క్రింద మొదటి తప్పునకు 10,000 రూపాయలవరకు జుల్మానా గాని, మూడునెలలవరకు ఖైదు గాని, రెండునుగాని కలదు. సైలెన్సరు లేని బండి నడుపుట ట్రాక్టరునకు సయితము నిషిద్ధమే.

యూరియా ద్రావణమును గూర్చి రైతులకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. అందు యూరియా తూకమున నూటికి 32.5 వంతులు, తక్కినది లవణములు తీసిన శుద్ధజలము. “యూరియాయే గదా” యని పొలపు బస్తాలోనిది బావినీటిలో కరగించి పోయరాదు. పొలపు యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరియైనది. ఆ పూతయు, బావినీటి ఉప్పులును సన్నని చిమ్ముగొట్టమును పూడ్చి, విలువైన పెట్టెను చంపును. మరియు సబ్సిడీ యూరియాను సేద్యము గాక ఇతరములకు వాడుట నేరము.

10. గడ్డి, నిప్పు

వరిగడ్డి మూడువందల డిగ్రీల లోపుననే అంటుకొనగలదు. బరువు లాగి వచ్చిన బండి గొట్టము అంతకు మించిన వేడిలో నుండవచ్చును. మసిని కాల్చుకొనునపుడు వేడి ఇంకను హెచ్చు. కావున కళ్లములో, గడ్డివాము దాపున, కోతపొలపు ఎండు దుబ్బులమీద బండిని నిలుపరాదు. గొట్టముమీద చిక్కుకొనిన గడ్డిని ప్రతి ప్రయాణపు పిమ్మట, చల్లారిన తరువాత తీసివేయవలెను. గడ్డి తోలు దినములలో బండిలో నీటిడబ్బా, మంటలార్పు సిలిండరు నుంచుట మంచిది. సంవత్సరపు పశుగ్రాసమంతయు ఒక్క గడియలో బూడిద యగుటకు ఇంతకంటె పెద్ద కారణ మక్కరలేదు.

11. సంఘము చేయదగిన పని

నాలుగు ఉక్కు స్టాండ్లు, ఒక మంచి జాకీ, ఒక టార్కు పానా ప్రతి రైతు కొనలేడు, కొననక్కరయు లేదు. సంఘము ఒకసారి కొని, పుస్తకములో వ్రాసికొని, సభ్యులకు అద్దెకిచ్చిన అందరికి చాలును. ఒకే రకపు బండ్లున్న సభ్యులు కలిసి గొట్టములు, ప్యాకింగులు, రబ్బరుపట్టీలు ఒకేసారి తెప్పించుకొనిన వెలయు తగ్గును, నకిలీ సరకు బాధయు తగ్గును.

సభ్యులు ప్రతి ఋతువు మొదట, సరకు తోలుటకు పూర్వము, అరగంటకాలము వెచ్చించి ఈ యైదింటిని చూచుకొందురుగాక: అతుకులవద్ద మసి కలదా; రబ్బరుపట్టీలు నిలిచియున్నవా; నిండుబరువులో ఎడములు చాలినన్ని యున్నవా; వేడిరేకులు స్థానములందున్నవా; బండిలో కూర్చుండువానికి పొగవాసన తగులుచున్నదా. ఈ యైదును సరిగ నున్న బండి, పెద్ద గొట్టము లేకున్నను, పెద్ద చప్పుడు చేయకున్నను, తన బరువు మోయును. తోలువానిని, వెనుక నడచువానిని క్షేమముగ నుంచును.